ఊరి వాటా.. తలకు రెండు రూపాయలు

2024 ఆగస్టు దాకా ఆంధ్రప్రదేశ్‌లో ఓ చిన్న పంచాయతీ జెండా పండగ చేసుకోవడానికి సర్కారు లెక్కలో ఉన్న సొమ్ము వంద రూపాయలు. మేజర్ పంచాయతీకైతే రెండొందల యాభై. జెండా దిమ్మెకు సున్నం, కొత్త తాడు, ముగ్గుపిండి, మైకుసెట్టు అద్దె, బడిపిల్లలకు చాక్లెట్లు.. అన్నీ అందులోనే సర్దుకోవాలి. దశాబ్దాల తరబడి ఆ అంకెను ఎవరూ కదపలేదు. ఆ ఏడాది ఐదు వేల లోపు జనాభా ఉన్న పంచాయతీలకు 10 వేలు, అంతకు మించిన వాటికి 25 వేలు చేశారు. అన్నేళ్లూ మిగతా ఖర్చు ఎవరు పెట్టుకున్నారంటే, ఓ ఏడు సర్పంచ్, ఓ ఏడు కార్యదర్శి, ఇంకో ఏడు ఊళ్లో కాస్త కలిగిన ఆసామి.

జెండా పండగ ఏటా రెండుసార్లే వస్తుంది. ఎలాగో గడిచిపోతుంది. తెల్లారితే కొళాయిల్లోకి నీళ్లు వదలాలి. వీధులు ఊడ్వాలి. పొద్దుగూకితే స్తంభాల మీద దీపాలు వెలగాలి. వానాకాలం వస్తే కాల్వల్లో పూడిక తీయాలి, బ్లీచింగ్ చల్లాలి, దోమల మందు కొట్టాలి. వీటిని ఎవరి జేబులోంచో నడపలేం. ఊరిని నడిపే ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో, ఎంత వస్తుందో, దారిలో ఎక్కడ ఆగిపోతుందో ఆ ఊళ్లో ఉండేవాళ్లలో చాలామందికి తెలియదు. సీసీ రోడ్డు ఏ నాయకుడు వేయించాడో మాత్రం శిలాఫలకం మీద ఉంటుంది కాబట్టి అందరికీ తెలుస్తుంది.

సొంత పన్ను 21 వేలు

రిజర్వు బ్యాంకు 2024 జనవరిలో పంచాయతీల ఆర్థిక స్థితిగతుల మీద ఒక నివేదిక విడుదల చేసింది. 2022-23లో దేశం మొత్తమ్మీద సగటున ఒక్కో పంచాయతీ సొంతంగా వసూలు చేసుకున్న పన్నులు 21 వేల రూపాయలు. పన్ను కాని సొంత రాబడి మరో 73 వేలు. రెండూ కలిపినా లక్షకు చేరవు. అదే పంచాయతీకి కేంద్రం గ్రాంట్ల రూపంలో సగటున 17 లక్షలు, రాష్ట్రం మూడు లక్షల పాతిక వేలు ఇచ్చాయి. అంటే ఇవాళ పల్లెల్లో తాగునీరు, పారిశుద్ధ్యం నడుస్తున్నాయంటే గ్రాంట్ల మీదే. అందులోనూ ఊరి చేతికి అందేది, ఊరు తీర్మానం చేసుకుని ఖర్చు పెట్టగలిగేది కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంటు. ఉపాధి హామీ, ఎంపీ లాడ్స్, జలజీవన్ మిషన్ లాంటివి ఎన్ని ఉన్నా వాటి పగ్గాలు పై ఆఫీసుల చేతుల్లోనే ఉంటాయి.

ఆ గ్రాంటు ఎంతో ఒకసారి లెక్కేద్దాం. 15వ ఆర్థిక సంఘం మొదటి ఏడాది, అంటే 2020-21కి, దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలన్నిటికీ కలిపి ఇవ్వమన్నది 60,750 కోట్లు. ఆంధ్రప్రదేశ్ వాటా 2,625 కోట్లు, తెలంగాణ వాటా 1,847 కోట్లు. వినడానికి పెద్ద మొత్తాలే. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో పల్లెల జనాభా 83 కోట్ల పైచిలుకు. పంచి చూస్తే తలకు ఏడాదికి 730 రూపాయల చుట్టూ. రోజుకు రెండు రూపాయలు. ఊరివాళ్లందరి తాగునీటికి, పారిశుద్ధ్యానికి, దీపాలకు, దారులకు, శ్మశానానికి ఇదే ఆధారం.

ఆ మరుసటి ఏడాది అదీ తగ్గింది. 2021-22కి 44,901 కోట్లు. తలకు ఏడాదికి 540 రూపాయలు, రోజుకు రూపాయిన్నర. అందులోంచి మళ్లీ మండల పరిషత్‌కు, జిల్లా పరిషత్‌కు వాటాలు పోవాలి. గ్రామ పంచాయతీకి మిగిలేది 70 నుంచి 85 శాతం మధ్య. ఈ పదేళ్లలో జనం పెరిగారు, డీజిల్ ధర పెరిగింది, కూలి పెరిగింది, కరెంటు బిల్లు పెరిగింది. లెక్కలోకి తీసుకున్న తలలు మాత్రం 2011వే.

నమ్మి ఇచ్చిన సంఘం

పంచాయతీరాజ్‌తో మన నేల అనుబంధం పాతది. రాజస్థాన్‌లోని నాగౌర్‌లో 1959 అక్టోబరు 2న నెహ్రూ ఈ వ్యవస్థకు శ్రీకారం చుట్టారు. అదే నెలలో, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా షాద్‌నగర్‌లో ఆంధ్రప్రదేశ్ రెండో అడుగు వేసింది. కానీ ఊరికి ఇంత డబ్బు ఇచ్చి తీరాలనే రాజ్యాంగ బలం రావడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ సవరణ రెండు ఏర్పాట్లు చేసింది. రాష్ట్రాలు ప్రతి ఐదేళ్లకూ సొంత ఆర్థిక సంఘాన్ని వేయాలి. కేంద్ర ఆర్థిక సంఘం కూడా పంచాయతీల వనరులు పెంచే మార్గాలు చూపాలి.

అప్పటికే పనిలో ఉన్న పదో ఆర్థిక సంఘం పరిశీలనాంశాల్లో పంచాయతీల ఊసు లేదు. అయినా ఆ సంఘం రాజ్యాంగ సవరణను గౌరవించి, 1971 జనాభా ప్రకారం పల్లెల్లో తలకు వంద రూపాయల చొప్పున 4,380 కోట్లు ఇవ్వాలని చెప్పింది. ఊరికి దిల్లీ నుంచి గ్రాంటు రావడం అక్కడ మొదలైంది. ఆ తర్వాత పదకొండో సంఘం ఐదేళ్లకు 8 వేల కోట్లు, పన్నెండో సంఘం 20 వేల కోట్లు.. ఇలా పెరుగుతూ వచ్చింది.

పెద్ద మలుపు 14వ ఆర్థిక సంఘం. దానికి అధ్యక్షుడు మన కడప జిల్లాలో పుట్టిన రిజర్వు బ్యాంకు మాజీ గవర్నర్ వై.వి.రెడ్డి. 2015 నుంచి 2020 దాకా ఐదేళ్లకు గ్రామ పంచాయతీలకు ఆ సంఘం సిఫారసు చేసింది 2,00,292 కోట్లు. మొత్తాన్నీ గ్రామ పంచాయతీలకే ఇవ్వాలంది. మండలానికి, జిల్లాకు అందులో వాటా లేదు. నా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. తాగునీరు, పారిశుద్ధ్యం, వీధిదీపాలు, రోడ్లు, శ్మశానాల వంటి మౌలిక సేవలకు ఖర్చు పెట్టుకోండి, మేం చెప్పిన షరతులు తప్ప కేంద్రం గానీ రాష్ట్రం గానీ కొత్త షరతులు పెట్టకూడదు అని ఆ సంఘం స్పష్టంగా రాసింది. ఊరివాళ్లను నమ్మింది. తప్పులు చేస్తే చేస్తారు, సరిదిద్దుకుంటారు, బాధ్యత మాత్రం వాళ్ల చేతికే ఇవ్వండి అన్న ధోరణి ఆ నివేదిక పొడుగునా కనిపిస్తుంది. అధికారంలో ఉన్న ఏ పార్టీకైనా ఆ నమ్మకం మింగుడుపడటం కష్టమే.

ఎన్.కె.సింగ్ అధ్యక్షతన వచ్చిన 15వ సంఘం మొత్తాన్ని పెంచింది. 2021-26కి గ్రామీణ సంస్థలకే 2,36,805 కోట్లు. మండలానికి, జిల్లాకు మళ్లీ వాటా ఇచ్చింది. వచ్చిన సొమ్ములో 60 శాతాన్ని ముందే కట్టేసింది: సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీరు, వాన నీటి సంరక్షణకు. మిగతా 40 శాతం ఊరి అవసరాలకు. జీతాలకు, ఆఫీసు ఖర్చులకు అందులోంచి తీయకూడదు. నీళ్లకు, శుభ్రతకు డబ్బు కేటాయించడాన్ని నేను తప్పుపట్టను. అన్ని ఊళ్ల అవసరమూ ఒకటే అనుకోవడంతోనే చిక్కొస్తుంది. ఓ ఊళ్లో మిషన్ భగీరథ నీళ్లు పుష్కలంగా ఉంటాయి, వాగు దాటడానికి కల్వర్టు ఉండదు. ఇంకో ఊళ్లో వీధులు అద్దంలా ఉంటాయి, శవాన్ని తీసుకుపోవడానికి దారి ఉండదు. నీళ్ల ఖాతాలో డబ్బు మూలుగుతుంటే కల్వర్టు కోసం ఎమ్మెల్యే ఇంటి చుట్టూ తిరిగే సర్పంచులు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు.

మోటారు కాలిన రోజు

గ్రాంటు ఊరికి చేరడమంటే ఏమిటో తెలియాలంటే ఎండాకాలంలో ఓ పంచాయతీ ఆఫీసులో కూర్చోవాలి. ఏప్రిల్, మే నెలల్లో ఎక్కడైనా జరిగేదే ఇది.

రాత్రంతా వోల్టేజీ ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఓ ఫేజు పోతుంది. తెల్లారి వాటర్‌మన్ స్టార్టరు నొక్కితే మోటారు మూలుగుతుంది గానీ నీళ్లు ఎక్కవు. వైండింగ్ కాలింది. ట్యాంకు అడుగంటింది. ఏడింటికల్లా ఆడవాళ్లు ఖాళీ బిందెలతో సర్పంచ్ ఇంటి ముందుంటారు. సబ్‌మెర్సిబుల్ మోటారును బోరులోంచి పైకి లాగాలంటే ఇనుప ముక్కాలి నిలబెట్టాలి, చైన్‌పుల్లీ కావాలి, నలుగురు మనుషులు కావాలి. ఒక్కో పైపూ విప్పుతూ లాగాలి. ఆటోలో వేసుకుని మండల కేంద్రంలో రివైండింగ్ షాపుకు పట్టుకెళ్లాలి. తిరిగి దించేదాకా ట్యాంకర్లతో నీళ్లు తోలించాలి. ఇదంతా ఆ రోజే మొదలవ్వాలి. మర్నాటికి వాయిదా వేయడానికి లేదు.

దానికి డబ్బు తీసే దారి వేరే వేగంతో నడుస్తుంది. ఆ పని పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఉందా అని మొదట చూడాలి. లేకపోతే అనుబంధ ప్రణాళికలో ఎక్కించాలి. ఇంజినీరు (ఏఈ) అంచనా వేయాలి, పని అయ్యాక కొలతల పుస్తకం (ఎంబీ) రికార్డు చేయాలి. షాపువాడి బ్యాంకు వివరాలు ఆన్‌లైన్‌లో నమోదై ఉండాలి. ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో వోచరు పెట్టి మేకర్ ఒక డిజిటల్ కీ, చెకర్ ఇంకో డిజిటల్ కీ పెట్టాలి. సర్వర్ పనిచేయాలి. అన్నిటికన్నా ముందు ఖాతాలో ఆ వాయిదా పడి ఉండాలి. ఈ అంచెలన్నీ దుబారా, అవినీతి ఆపడానికి పెట్టినవే. చెక్కుబుక్కు ఒక్కటే ఉన్న రోజుల్లో వేయని రోడ్లకు బిల్లులు లేచిన సంగతి ఎవరూ మరచిపోలేదు. కాబట్టి ఆన్‌లైన్ వద్దని నేనను. కానీ దాహం ఆ అంచెలన్నీ దాటేదాకా ఆగదు. అందుకే రివైండింగ్ షాపులో పంచాయతీ పేరు మీద అరువు ఖాతా ఉంటుంది, ఆ ఖాతాకు పూచీ కార్యదర్శి. పాతికేళ్లు నిండీ నిండకుండా పోటీ పరీక్ష రాసి ఉద్యోగంలో చేరిన పిల్లలు చాలామంది ఆ సీట్లో ఉన్నారు. బ్లీచింగ్ బస్తాకు, ట్రాక్టర్ డీజిల్‌కు జీతంలోంచి ముందు పెట్టి, బిల్లు కోసం నెలల తరబడి ఎదురుచూడటం వాళ్ల రోజువారీ బతుకులో భాగమైపోయింది.

పల్లెకు వచ్చే పథకాల్లో కట్టడానికి డబ్బు దొరుకుతుంది. ట్యాంకు కట్టిస్తారు, షెడ్డు కట్టిస్తారు, ప్లాంటు పెట్టిస్తారు. కట్టినదాన్ని ఇరవై ఏళ్లు నడిపించే డబ్బు దగ్గరికి వచ్చేసరికి అందరూ పంచాయతీ వైపు చూస్తారు. ఆ పంచాయతీకి దిక్కు ఈ రెండు రూపాయలే. అందుకే ఇవి ఆగినప్పుడు ఊరు ఆగుతుంది.

ఎన్నిక జరగకపోతే

ఆగడానికి మొదటి కారణం ఎన్నికలు. ఆర్థిక సంఘం గ్రాంటు ఎన్నికైన పాలకవర్గం ఉన్న పంచాయతీకే. పాలకవర్గం గడువు ముగిసేలోపే కొత్త ఎన్నిక జరగాలన్నది రాజ్యాంగం మాట. ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఆగస్టుతో సర్పంచుల గడువు ముగిస్తే ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో జరిగాయి. తెలంగాణలో 2024 జనవరి ఆఖరుతో గడువు ముగిసింది. ఎన్నికలు 2025 డిసెంబరులో మూడు విడతలుగా జరిగాయి. బీసీ రిజర్వేషన్ల మీద న్యాయవివాదాలు సహా ఆలస్యానికి కారణాలు చాలా చెప్పారు. కారణాలు ఏవైనా, దాదాపు రెండేళ్లు ఊళ్లు ప్రత్యేకాధికారుల చేతుల్లో ఉన్నాయి. ఆర్థిక సంఘం వాయిదాలు ఆగిపోయాయి.

అసెంబ్లీకి ఒక్క రోజు ఆలస్యంగా ఎన్నికలు పెడితే దేశమంతా గగ్గోలవుతుంది. ఊరి ఎన్నికను రెండేళ్లు వాయిదా వేస్తే పత్రికల్లో లోపలి పేజీల వార్త అవుతోంది. కానీ ఆ రెండేళ్లలో ట్రాక్టర్లు డీజిల్ లేక షెడ్లలో నిలబడ్డాయి. దీపాలు మాడిపోతే మార్చడానికి బల్బులు లేవు. పదవి దిగిపోయిన సర్పంచుల కథ ఇంకా కష్టమైంది. పల్లె ప్రగతి కార్యక్రమం కింద వైకుంఠధామం (శ్మశానవాటిక), డంపింగ్ యార్డు, పల్లె ప్రకృతివనం గడువులోగా కట్టి తీరాలని పై నుంచి ఒత్తిడి వస్తే, వడ్డీకి తెచ్చి, ఇంట్లో బంగారం కుదువబెట్టి కట్టించినవాళ్లున్నారు. బిల్లులు రాకుండానే పదవి పోయింది. పెండింగ్ బిల్లుల కోసం హైదరాబాద్ వచ్చి ధర్నా చేస్తే అరెస్టయ్యారు. ఊరి కోసం అప్పు చేసినవాడి కుటుంబం ఆ అప్పు కింద నలిగిపోవడం మనం సిగ్గుపడాల్సిన విషయం. అందులో తప్పు ఏ ప్రభుత్వానిది ఎంత అన్న వాదన తర్వాత. ముందు ఆ బాకీలు తీరాలి.

ఖాతాలో పడి, ఖాతాలోంచి పోయి

రెండో కారణం రాష్ట్రాల చేతివాటం. ఇది ఏ ఒక్క పార్టీకో పరిమితం కాదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2021లో గెలిచిన సర్పంచులు సంబరంగా బాధ్యతలు తీసుకున్నారు. కొన్ని నెలలకే, పంచాయతీ ఖాతాల్లోని ఆర్థిక సంఘం నిధులు పాత కరెంటు బకాయిల కింద విద్యుత్ పంపిణీ సంస్థలకు సర్దుబాటు అయిపోయాయని తెలిసింది. అధికార పక్షం మద్దతుతో గెలిచినవాళ్లు, ప్రతిపక్షం మద్దతుతో గెలిచినవాళ్లు తేడా లేకుండా రోడ్డెక్కారు. సర్కారు వాదనలోనూ ఒక న్యాయముంది. వీధిదీపాలకు, నీళ్ల మోటార్లకు వాడుకున్న కరెంటు ఊళ్లదే, బకాయి ఎప్పటికైనా తీర్చాల్సిందే. కానీ ఆ బిల్లు సరైనదేనా, మీటర్లు ఉన్నాయా, ఎన్నేళ్ల బకాయి, ఎన్ని విడతల్లో కట్టగలం.. ఇవన్నీ తేల్చుకోవాల్సింది పంచాయతీ. తీర్మానం లేకుండా ఊరి ఖాతాలోంచి ఊరి డబ్బు తీయడం, అది ఎంత మంచి పనికైనా సరే, ఒప్పుకోదగింది కాదు. ఇంటిపెద్ద ఊళ్లో ఉండగానే పక్కింటాయన వచ్చి బీరువా తీసి మన బాకీలు కడితే ఊరుకుంటామా?

ఇలాంటివి జరుగుతాయనే 15వ సంఘం ఒక నియమం పెట్టింది. కేంద్రం విడుదల చేసిన సొమ్మును రాష్ట్రం పది పనిదినాల్లోగా పంచాయతీలకు చేర్చాలి. ఆలస్యమైతే వడ్డీతో ఇవ్వాలి. రాష్ట్ర ఆర్థిక సంఘం వేసి, దాని సిఫారసుల మీద ఏం చేశారో 2024 మార్చి లోగా శాసనసభ ముందు పెట్టని రాష్ట్రానికి ఆ తర్వాత గ్రాంటు ఇవ్వకూడదనీ అంది. మంచి నియమమే. కానీ రాష్ట్రం చేసిన తప్పుకు శిక్ష ఎవరికి పడుతోందో చూడండి. గ్రాంటు ఆగితే సచివాలయంలో కొళాయి ఆగదు. ఊళ్లోనే ఆగుతుంది.

అయిదొందల మంది తండా

2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టంతో వెయ్యికి పైగా తండాలు, గూడేలు సొంత పంచాయతీలయ్యాయి. లంబాడా, కోయ, గోండు కుటుంబాలు దశాబ్దాలుగా అడిగింది అదే. తండా సర్పంచ్ తండా మనిషే అయ్యాడు, అయింది. ఆ మార్పు విలువను తక్కువ చేయను. ఊరి పంచాయతీలో ఓ మూల వార్డుగా ఉన్నన్నాళ్లూ తండాకు వీధిదీపం ఆఖర్న వచ్చేది, నీళ్ల పైపు ఆఖర్న వచ్చేది.

గ్రాంటు పంచేది ప్రధానంగా జనాభాను బట్టి. ఐదొందల మంది ఉన్న తండా పంచాయతీకి 2021-22 నాటి దేశ సగటు లెక్కన ఏడాదికి రెండు లక్షల రూపాయల చుట్టూ వస్తుంది. 15వ సంఘం నిబంధన ప్రకారం అందులో అరవై శాతం నీళ్లకు, పారిశుద్ధ్యానికి కట్టుబడి ఉంటుంది. ఊరి ఇష్టానికి మిగిలేది ఎనభై, తొంభై వేలు. ఐదొందల జనాభాకు ఒక మల్టీపర్పస్ వర్కర్ చొప్పున పెట్టుకోవాలి. 2019లో ఆయన నెల వేతనం 8,500గా నిర్ణయించారు, ఏడాదికి లక్షా రెండు వేలు. ఒక్క మనిషి జీతానికే ఆ మిగులు చాలదు, పైగా ఆ మిగులులోంచి జీతం ఇవ్వడానికి నిబంధన ఒప్పుకోదు. ట్రాక్టర్ కిస్తీ, నర్సరీ, కరెంటు బిల్లు, డంపింగ్ యార్డు నిర్వహణ.. చట్టం ప్రకారం పెద్ద ఊరికి ఉన్న బాధ్యతలన్నీ ఈ చిన్న తండాకూ ఉన్నాయి.

తండాకు పంచాయతీ హోదా ఇచ్చినప్పుడు అది బతకడానికి కనీస గ్రాంటు కూడా ఇవ్వాలి. జనాభా ఎంతున్నా ఒక పంచాయతీ నడవడానికి తప్పని ఖర్చు కొంత ఉంటుంది. దాన్ని రాష్ట్రం తన ఖజానాలోంచి భరించాలి. తెలంగాణలో పల్లె ప్రగతి మొదలైన 2019లో ఆర్థిక సంఘం నిధులకు రాష్ట్ర వాటా జోడించి నెలనెలా విడుదల చేయడం మొదలుపెట్టారు. నెలనెలా వచ్చినన్నాళ్లు ఊళ్ల ముఖం మారింది, అది కళ్లారా చూసిందే. ఆ క్రమం తప్పాక ఏమైందీ చూశాం.

సొంత కాళ్లు

గ్రాంట్ల మీదే ఎన్నాళ్లు బతుకుతారన్న ప్రశ్న న్యాయమైనదే. దానికి వరంగల్ దగ్గరి గంగదేవిపల్లి జవాబు చెప్పింది. 1994లో మచ్చాపూర్ నుంచి విడిపోయి సొంత పంచాయతీ అయిన ఆ ఊరు నీళ్లకొక కమిటీ, ఇంటిపన్నుకొక కమిటీ, దీపాలకొక కమిటీ వేసుకుంది. ఇంటిపన్ను నూటికి నూరు పాళ్లు వసూలు చేసింది. 2007లో నిర్మల్ గ్రామ పురస్కారం అందుకుంది. ఆదిలాబాద్ జిల్లా ముఖ్రా(కె) చెత్తనుంచి వర్మీకంపోస్టు తయారు చేసి అమ్ముకుంటూ పంచాయతీకి రాబడి తెచ్చుకుంది. ఇవి కలెక్టర్లు బస్సుల్లో సర్పంచులను తీసుకెళ్లి చూపించే ఊళ్లు.

ఆ ఊళ్ల కథల్లో నాకు నచ్చేది పన్ను లెక్క కన్నా దాని వెనకున్న మర్మం. జనం పన్ను కట్టింది వాళ్ల డబ్బు ఎక్కడికి పోతోందో వాళ్లకు కనిపించింది కాబట్టి. కొళాయి రోజూ వచ్చే ఊళ్లో నీటిపన్ను అడగడానికి కార్యదర్శికి మొహం చెల్లుతుంది. మోటారు కాలి వారమైన ఊళ్లో రసీదు పుస్తకం పట్టుకుని గడప ఎక్కలేడు. గ్రాంటు సక్రమంగా వస్తేనే సేవ నడుస్తుంది, సేవ నడిస్తేనే పన్ను వసూలవుతుంది. ముందు సొంతంగా సంపాదించండి, తర్వాత ఇస్తాం అంటే ఈ క్రమం తలకిందులవుతుంది.

దాతల మాటా చెప్పాలి. అమెరికాలో, గల్ఫ్‌లో స్థిరపడ్డ మనవాళ్లు పుట్టినూరికి చేసింది చాలానే ఉంది. బడి గదులు, మంచినీటి ప్లాంట్లు, బస్సు షెల్టర్లు, ముఖద్వారాలు. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చినవీ ఉన్నాయి. వాళ్ల మనసును శంకించను. అయితే మెంబ్రేన్ మార్చడానికి డబ్బు లేక తాళం పడ్డ ఆర్వో ప్లాంట్లు ఏ మండలంలో చూసినా కనిపిస్తాయి. ఊరికి ఇవ్వాలనుకునేవాళ్లు కొత్తది కట్టే ముందు, పాతది పదేళ్లు నడవడానికి ఎంతవుతుందో పంచాయతీని అడిగి అది ఇస్తే, రిబ్బను కత్తిరించే ఫొటో రాకపోవచ్చు గానీ ఊరికి అంతకు మించిన మేలు ఉండదు.

బడ్జెట్ పుస్తకంలో ఊరి పేరు

కేరళలో 1996లో ప్రజాప్రణాళిక ఉద్యమం మొదలైనప్పుడు రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకే ఇవ్వాలని నిర్ణయించారు. దాంతోపాటు చేసిన ఇంకో పని గురించి మన దగ్గర ఎవరూ మాట్లాడరు. అక్కడ రాష్ట్ర బడ్జెట్‌కు నాలుగో అనుబంధం అని ఒక పుస్తకం ఉంటుంది. అందులో ప్రతి పంచాయతీ పేరు, దాని ఎదురుగా ఆ ఏడాది దానికి రాబోయే మొత్తం అచ్చువేసి ఉంటాయి. శాసనసభలో బడ్జెట్ పెట్టిన రోజునే మారుమూల పంచాయతీ అధ్యక్షురాలికి తన చేతికి ఎంత రాబోతోందో తెలుస్తుంది. దాన్నిబట్టి గ్రామసభ కూర్చుని ఏది ముందో, ఏది తర్వాతో తేల్చుకుంటుంది.

మన దగ్గర ఆంధ్రప్రదేశ్‌లో 13 వేలకు పైగా, తెలంగాణలో 12,700 దాకా పంచాయతీలున్నాయి. ఏటా అక్టోబరు 2 నుంచి గ్రామసభలు పెట్టి ప్రణాళిక రాయమంటారు. ఎంత వస్తుందో తెలియకుండా రాసేది కోరికల జాబితా అవుతుంది. అందుకే చాలా ఊళ్లలో ఆ ప్రణాళికను గ్రామసభ రాయదు, కంప్యూటర్ దగ్గర కూర్చుని ఎవరో ఒకరు నింపేస్తారు. 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్ ఒకే రోజు 13,326 పంచాయతీల్లో గ్రామసభలు జరిపింది. పనుల తీర్మానాలు చేసింది. జనం కూర్చుని మాట్లాడగలరని ఆ రోజు తేలింది. మిగిలింది ఆ పాతిక వేల పైచిలుకు ఊళ్ల పేర్లను, వాటి వాటాలతో సహా, రెండు రాష్ట్రాల బడ్జెట్ పుస్తకాల్లోకి ఎక్కించడం. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. ఆర్థిక మంత్రులు తలచుకుంటే చాలు.

లెక్క అడగడం మనకు కొత్త కూడా కాదు. ఉపాధి హామీలో సామాజిక తనిఖీని 2006లో పెద్దఎత్తున మొదలుపెట్టి దేశానికి దారి చూపింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. 2009లో దానికోసమే విడిగా ఒక సంస్థను పెట్టింది. ఎవరు ఎన్ని రోజులు పనిచేశారో, ఎంత కూలి పడిందో బహిరంగ సభలో పేరుపేరునా చదివారు. పని చేయనివాడి పేరు చదివితే జనంలోంచి లేచి నిలదీసిన కూలీలున్నారు. తిన్న సొమ్ము కక్కించిన సందర్భాలున్నాయి. అదే పద్ధతిని ఆర్థిక సంఘం నిధులకు ఎందుకు తేకూడదు? మోటారు రిపేరుకు ఎంతయింది, బ్లీచింగ్ ఎన్ని బస్తాలు కొన్నారు, ఏ వీధిలో ఎన్ని దీపాలు వేశారు.. ఇవి చదివి వినిపిస్తే నిజమో కాదో చెప్పడానికి ఆడిటర్ అక్కర్లేదు, ఆ వీధివాళ్లు చాలు.

ఇప్పటికీ చూడాలనుకునేవారికి అడ్డేమీ లేదు. 2020 ఏప్రిల్ 24 నుంచి ఈ-గ్రామస్వరాజ్ నడుస్తోంది. మేరీ పంచాయత్ యాప్‌లో రాష్ట్రం, జిల్లా, మండలం, ఊరు ఎంచుకుంటే ఆ పంచాయతీకి ఎంత వచ్చింది, ఏ పనికి ఎంత ఖర్చయిందని రాశారు అన్నది ఫోన్‌లోనే కనిపిస్తుంది. పట్నంలో ఉంటూ పండక్కి ఊరికి వెళ్లే పిల్లలు నాన్నమ్మకో, మేనమామకో ఆ పేజీ చదివి వినిపించవచ్చు. వచ్చే గ్రామసభలో వాళ్లే అడుగుతారు.

16వ ఆర్థిక సంఘం కాలం 2026 ఏప్రిల్‌తో మొదలై 2031 మార్చి దాకా ఉంటుంది. అరవింద్ పనగారియా అధ్యక్షతన ఆ సంఘం 2025 నవంబరులో నివేదిక ఇచ్చింది. ఎన్ని వేల కోట్లన్న చర్చ దిల్లీలో, అమరావతిలో, హైదరాబాద్‌లో జరుగుతుంది. ఊళ్లో అడగాల్సినవి వేరే ఉన్నాయి. మన పంచాయతీ వాటా ఎంత? మొదటి వాయిదా ఏ తేదీన పడింది? మన తీర్మానం లేకుండా అందులోంచి ఏమైనా పోయిందా? బోరు మోటారుకు పక్కన పెట్టింది ఎంత?